మావయ్య మోకాళ్ళు, మన ఊరి గట్లు

మా మావయ్యకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. స్టీల్ ప్లాంట్లో రిటైరయ్యి తొమ్మిదేళ్ళు. ఆపరేషన్ చేయించుకోమంటే "వచ్చే ఏడు చూద్దాం" అంటూ నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడాయన దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడు. "కాళీ గుడి కాణ్ణించి సబ్‌మెరైన్ దాకా మూడు కూకుళ్ళు, అమ్మలూ" అంటాడు. కూకుడు అంటే ఒకసారి కూర్చుని లేవడం. ఆ కొలత ఆయన సొంతం. దానికి ఇంకో నియమం కూడా ఉంది. ఎండలో కూర్చుంటే అది కూకుడు కింద లెక్కకి రాదు.

మొన్న వేసవిలో ఆయన్ని వెంటబెట్టుకుని నాలుగు రోజులు విశాఖ తిరిగాను. ఈ వ్యాసం ఆ తిరుగుడులోంచి పుట్టింది. నేను ఆర్కిటెక్టుని కాను, కథల మీదా నవలల మీదా రాసుకునేదాన్ని. అయితే ఒక కథ చదివి "ఇందులో పనిమనిషికి పేరెందుకు లేదు?" అని అడిగే అలవాటున్న వాళ్ళం కదా మనం. ఒక ప్లాజా చూసి "ఇందులో నీడెందుకు లేదు?" అని అడగడానికి వేరే డిగ్రీ అక్కర్లేదనుకుంటాను.

2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి ఇరవై స్మార్ట్ సిటీల్లో విశాఖ ఒకటి. అప్పట్నుంచీ మన ఊరి మీద వచ్చే ప్రతి ప్రకటనలోనూ 'సుస్థిరం', 'పునరుజ్జీవనం' అనే రెండు మాటలు జంట కవుల్లా కలిసే తిరుగుతున్నాయి. ఆ మాటల్ని నేల మీద పెట్టి చూస్తే ఏం మిగులుతుంది అన్నదే నా ప్రశ్న.

బీచ్ రోడ్డుతో మొదలెడదాం, ఎవరైనా అక్కడే మొదలెడతారు కాబట్టి. చుట్టం ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డునే ఉంది, ఎదురుగా 2017లో టీయూ 142 విమానం వచ్చి చేరింది. శ్రీశ్రీ, గురజాడ విగ్రహాలై నిలబడి ఉన్నారు. కూర్చోడానికి చోటు లేదని ఎవరూ అనలేరు. సముద్రం వైపు పొడుగునా పొట్టి గోడ ఉంది, బెంచీలూ ఉన్నాయి. కానీ పదకొండింటికి ఆ రాయి మీద చెయ్యి పెట్టి చూడండి. మావయ్య చెయ్యి పెట్టి తీసేసి, "దోసె ఏసుకోవచ్చు" అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊళ్ళో ఎన్ని చెట్లని పీకేసిందో మా తరానికి గుర్తే. ఆ మర్నాడు పొద్దున్న వీధులు ఎంత వెలుగ్గా ఉన్నాయో కూడా గుర్తే. అంత వెలుగు మంచిది కాదని అప్పుడు తెలీలేదు. తర్వాత మొక్కలు చాలానే నాటారు. అయితే బీచ్ పక్కన ఫోటోకి బాగుండే చెట్టు వేరు, కింద మనిషి కూర్చోగలిగే చెట్టు వేరు. కొబ్బరి, అలంకారపు తాటి జాతి మొదటి రకం. తుఫానుకి తట్టుకుంటాయన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ గానుగ, పొన్న లాంటివి సముద్రపు ఉప్పుగాలికి అలవాటు పడిన నీడ చెట్లే. అవి మన తీరంలో కొత్తగా కనిపెట్టాల్సినవేం కావు.

అదే బీచ్ రోడ్డు తెల్లవారుజామున వేరే ఊరు. నడిచేవాళ్ళ కోసం పొద్దున్నే కొంతసేపు వాహనాల్ని ఆపేస్తారు. రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పెడతారు, అంతే. కొత్తగా పోసిన సిమెంటు లేదు, పరిచిన టైలు లేదు, శిలాఫలకం అసలే లేదు. రోడ్డు మధ్యలో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు, ముసలాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటారు. నన్నడిగితే ఈ ఊళ్ళో ఉన్న వాటిలో మంచి ప్లాజా డిజైన్ ఇదే. ఖర్చు తక్కువన్నది ఒక్కటే కారణం కాదు. ఇక్కడ డిజైనర్ అడిగిన ప్రశ్న సరైంది: ఈ చోటులోంచి ఏం తీసేస్తే మనుషులు వస్తారు? మిగతా చోట్ల అడిగే ప్రశ్న, ఇందులో ఇంకేం పెడదాం అని.

ఇసుక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఊరి అతిపెద్ద ప్లాజా ఇసుకే. టికెట్టు లేదు, గేటు లేదు, ఎవరైనా ఎంతసేపైనా కూర్చోవచ్చు. సముద్రం ఇచ్చింది అనుకుంటాం. పూర్తిగా కాదు. మన తీరం పొడుగునా కెరటాలు ఇసుకని ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. 1933లో పోర్టు తెరిచారు. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఓడలు లోపలికి రావాలంటే ఆ దారిలో ఇసుక పేరుకోకూడదు. అందుకని అప్పట్లో రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1970లలో ఔటర్ హార్బర్ కోసం ఇంకా పెద్ద అడ్డుగోడలు కట్టారు. ఓడలకి దారి దొరికింది. కానీ ఉత్తరం వైపు ఆర్కే బీచ్‌కి రావాల్సిన ఇసుక అడ్డుకట్ట వెనకే ఆగిపోయింది. కెరటాలేమో తమ వాటా తీసుకుపోవడం మానలేదు. అందుకే పోర్టు డ్రెడ్జర్లు ఆగిన ఇసుకని తవ్వి, మళ్ళీ బీచ్ మీదికి పంపుతూ ఉండాలి. ఆ పని సరిగా సాగని ఏడు సముద్రం రోడ్డు పునాదుల్నే కొరుకుతుంది. హుద్‌హుద్ తర్వాతి నెలల్లో బీచ్ రోడ్డు అంచు విరిగిపడటం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

అంటే మనం సాయంత్రం పల్లీలు తింటూ కూర్చునే ఇసుక, నీళ్ళకుళాయి లాగే ఒక సర్వీసు. దాని వెనక యంత్రం ఉంది, డీజిలు ఉంది, ఒప్పందం ఉంది, ఏటేటా ఒక ఖర్చు పద్దు ఉంది. దీనికి ప్రారంభోత్సవం ఉండదు. రిబ్బను కట్ చెయ్యడానికి ఏమీ లేదు, నిన్న ఉన్నదే ఇవాళా ఉంటుంది. సుస్థిరత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను గ్లాసు మేడల వైపు కాకుండా ఈ డ్రెడ్జరు వైపు చూపిస్తాను. మావయ్యకి ఇది చెబితే నవ్వేశాడు. "ప్లాంటూ అంతే కదమ్మా. బ్లాస్ట్ ఫర్నేస్ కట్టినోడికి ఫొటో ఉంటాది. దానికి రాత్రీ పగలూ కాపలా కాసినోడికి షిఫ్ట్ ఉంటాది."

(ఇక్కడో చిన్న పక్కమాట. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ నౌక ఒకటి, పేరు ఎంవీ మా, గాలివానకి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. దాన్ని రెస్టారెంటు చేస్తామన్నారు. ఎవరూ డిజైన్ చెయ్యకుండానే నెలల తరబడి ఊరంతా వెళ్ళి ఆ గట్టు మీద కూర్చుని ఆ ఓడని చూసింది. రెస్టారెంటు రాలేదు. కూర్చోవడం మాత్రం జరిగింది.)

సెంట్రల్ పార్కు కథ ఇంకో రకం. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఊరి నడిబొడ్డున ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉండేది. జైలు అడవివరం వైపు వెళ్ళిపోయింది, రోడ్డుకి మాత్రం జైల్ రోడ్డన్న పేరు మిగిలింది. అంత విలువైన స్థలాన్ని మాల్‌కి ఇవ్వకుండా పార్కు చేశారు. ఈ ఒక్క నిర్ణయానికి ఆ పని చేసినవాళ్ళందరికీ నమస్కారం పెట్టాల్సిందే. ఫౌంటెను ఉంది, నడకదారులున్నాయి, పచ్చిక ఉంది. కానీ చుట్టూ ఇంకా సరిహద్దే, లోపలికి వెళ్ళాలంటే గేటు, టికెట్టు, వేళలు. బయటికి పోనివ్వని చోటు కాస్తా ఊరికే లోపలికి రానివ్వని చోటైంది. టికెట్టు ధర ఎంతన్నది నా బాధ కాదు. బస్సు దిగి, ఇంకో బస్సుకి నలభై నిమిషాలు టైముంటే, సంచీ పట్టుకున్న శ్రీకాకుళం ఆడమనిషి "పార్కులో కాసేపు కూర్చుందాం" అనుకుంటుందా? అనుకోదు. టికెట్టు పెట్టిన క్షణంలో అది 'వెళ్ళే చోటు' అయిపోతుంది, దారిలో తగిలే చోటుగా ఉండటం మానేస్తుంది. నిర్వహణకి డబ్బు కావాలి కదా అంటారు. కావాలి. రోడ్డు నిర్వహణకీ కావాలి, అయినా ఫుట్‌పాత్‌కి టికెట్టు పెట్టలేదు మనం. (ఫుట్‌పాత్ లేదు కాబట్టి పెట్టలేదు అంటే నా దగ్గర జవాబు లేదు.)

న్యూయార్కులో 1961లో ఒక రూలు తెచ్చారు. మేడ ముందు ఖాళీ జాగా ప్రజలకి వదిలితే, బిల్డరు అదనపు అంతస్తులు వేసుకోవచ్చు. బిల్డర్లు జాగాలు వదిలారు, జనం రాలేదు. విలియం వైట్ అనే ఆయన ఏళ్ళ తరబడి కెమెరా పెట్టి, ఏ ప్లాజాలో మనుషులు ఆగుతున్నారు, ఎందులో ఆగటం లేదు అని లెక్కపెట్టాడు. ఆయన 1980లో వేసిన పుస్తకంలో తేల్చిన సంగతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. కూర్చోడానికి చోటుంటే కూర్చుంటారు, అంతే. గట్టు ఎత్తెంత, లోతెంత, మీద ముళ్ళ కమ్మీ ఉందా, పక్కన తినడానికి ఏమైనా దొరుకుతుందా. ఈ పరిశీలన వల్లే ఆ నగరం 1975లో రూలు మార్చి, సీట్లు తప్పనిసరి చేసింది. మనకి ఇది కొత్తగా తెలియాల్సిన విషయమా? అరుగు కట్టుకున్న జాతి మనది. ఇంటి గోడ అవతల, వీధిలో పోయేవాడి కోసం, మన డబ్బుతో ఒక గట్టు కట్టి, పైన చూరు దించి నీడ ఇచ్చాం. అయితే ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో కులం నిర్ణయించింది. అది కప్పిపుచ్చి అరుగుని పొగిడితే అబద్ధమే. ఆ అరుగుని అందరిదీ చెయ్యాల్సిన పని మునిసిపాలిటీది, అందుకే కదా మునిసిపాలిటీ అనేది పుట్టింది.

పాత ఊరు, అంటే వన్ టౌన్, ఇందుకే నాకిష్టం. టౌన్ హాలు అక్కడే ఉంది. బొబ్బిలి రాజావారి దానంతో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నిలబడిన కట్టడం. స్మార్ట్ సిటీ పథకంలో టౌన్ హాలునీ, పాత మునిసిపల్ ఆఫీసునీ బాగుచేయించారు. గత పదేళ్ళలో ఈ ఊళ్ళో జరిగిన మంచి పనుల జాబితా రాస్తే ఇది పైనే ఉంటుంది. కొత్త భవనం ఎంత పచ్చగా ఉన్నా, దాని సిమెంటూ ఉక్కూ కాల్చిన బొగ్గు లెక్క ముందే రాసేసి ఉంటుంది. పాత గోడ ఆ అప్పు ఎప్పుడో తీర్చేసింది. పైగా ఆ రోజుల వాళ్ళకి ఏసీ లేదు కాబట్టి గాలితోనే పని చేయించుకోవాల్సి వచ్చింది. మందం గోడలు, ఎత్తు కప్పు, వరండా, ఎదురెదురు కిటికీలు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి తిరిగే గాలి ఇలాంటి గదుల్లో ఎలా నడుస్తుందో ఒకసారి నిలబడి చూడాలి.

మన కొండల రాయికి పేరు ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఆ రాయే. త్వరగా అరిగే రాయి, అందుకే దాని పని తెలిసిన చెయ్యి పక్కనే ఉండాలి. పాత గోడకి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయినే తింటుంది, సున్నం అయితే ఊపిరి ఆడనిస్తుంది. ఇవన్నీ ఇప్పుడు మన కాంట్రాక్టు పత్రాల్లోకీ వస్తున్నాయి, సంతోషం. నా పేచీ వేరే చోట ఉంది. పాత కట్టడాల్ని బాగుచేసిన వార్తల్లో సున్నం గురించి చదివాను, టేకు గురించి చదివాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, పక్క సందులో పిల్లల నాటకం రిహార్సలుకి ఎంత అద్దె, ఎవరిని అడగాలి అన్నది ఎక్కడా చదవలేదు. బాగుచేసిన చోట ఏం జరుగుతుందో చెప్పకపోతే అది ముఖచిత్రం మార్చి పుస్తకాన్ని తిరిగి అచ్చువేసినట్టు. చదివేవాళ్ళున్నారా అన్నది ఇంకో సంగతి. వన్ టౌన్‌లో మనుషులు ఇంకా ఉన్నారు. కిటికీ గట్టు మీద వేలు రాస్తే నల్లగా అంటే పోర్టు బొగ్గు ధూళి గురించి వాళ్ళు ఏళ్ళుగా చెబుతున్నారు. టౌన్ హాలు గోడ కడిగి, ఎదురింటి ఊపిరితిత్తుల్ని వదిలేస్తే ఆ పునరుజ్జీవనం ఎవరిదని అడుగుతారు. అడగాలి కూడా.

కొత్త కట్టడాల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది తుప్పు. ఉక్కు ఊళ్ళో ఈ మాట అనడం బాగోదు. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు రంధ్రాల్లోంచి లోపలి కడ్డీ దాకా దిగుతుంది. కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి పై పెచ్చుని ఊడగొడుతుంది. మన దేశపు కాంక్రీటు కోడు ఐఎస్ 456 తీరప్రాంతపు గాలికి గురయ్యే కాంక్రీటులో కడ్డీ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలంటుంది. ఈ 45 మిల్లీమీటర్లు బ్రోచర్లో కనిపించవు. కనిపించేవి గ్లాసు, అల్యూమినియం ప్యానెళ్ళు, రంగు లైట్లు. సముద్రం ఎదురుగా గ్లాసు గోడ కట్టి, కిటికీ తెరవడానికి లేకుండా చేసి, లోపల ఏసీ పెట్టి, పైన సోలారు పలకలు వేసి పచ్చ భవనం అంటే నాకు నవ్వొస్తుంది. సోలారుకి నేను వ్యతిరేకం కాదు. ముడసర్లోవ జలాశయం మీద 2018లో జీవీఎంసీ 2 మెగావాట్ల తేలే సోలారు కేంద్రం పెట్టింది. అది మంచి ఆలోచన, ఖాళీ నీటిని ఖాళీగా ఉంచకుండా వాడుకుంది. ఆ కరెంటుని తెరుచుకోని కిటికీ వెనక తగలెయ్యకపోతే ఇంకా మంచిది.

రుషికొండ గురించి రాయకుండా తప్పించుకుందామనుకున్నాను. ఈ ఊరి భవనాల మీద వ్యాసమని చెప్పి అది వదిలేస్తే మీరే తిడతారు. పర్యాటక శాఖ రిసార్టు ఉన్న కొండని తొలిచి, వందల కోట్లతో భవనాలు కట్టారు. 2024లో ప్రభుత్వం మారాక లోపలి ఫోటోలు బయటికొచ్చాయి, రాష్ట్రమంతా ఒక స్నానాల తొట్టె గురించి మాట్లాడుకుంది. అవి ఎవరి కోసం కట్టినవన్న దెబ్బలాట ఇంకా నడుస్తోంది. నాకు ఆ దెబ్బలాట కంటే దాంట్లో లేని ప్రశ్న ముఖ్యం. ఆ కొండ మీద నిలబడి సముద్రం చూసే హక్కు ఎవరిది? కట్టినవాళ్ళూ, తిట్టినవాళ్ళూ కూడా భవనాన్ని ఏం చేద్దామనే మాట్లాడారు. కొండ నెత్తిన ఊరికే కూర్చోడానికి ఒక మెట్ల దారి గురించి నాకు తెలిసి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

ఇక అసలైన చోటుకొద్దాం. విశాఖ పేపర్లు చదివేవాళ్ళకి ఈ వాక్యం కంఠతా వచ్చుంటుంది: 'జీవీఎంసీ గాంధీ విగ్రహం వద్ద ధర్నా.' అంగన్‌వాడీలు, మునిసిపల్ కార్మికులు, ఆశా వర్కర్లు, పెన్షనర్లు, విద్యార్థులు. ఈ ఊరి బాధలన్నీ ఏదో ఒక రోజు అక్కడికొచ్చి కూర్చున్నాయి. దాన్ని ఎవరూ ప్లాజాగా డిజైన్ చెయ్యలేదు. నీడ వాళ్ళే తెచ్చుకుంటారు, షామియానా రూపంలో. కుర్చీలు అద్దెకి, నీళ్ళు క్యాన్లలో, మైకు ఆటోలో. బాత్రూమ్ మాత్రం తెచ్చుకోలేరు. ధర్నాకొచ్చేవాళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళో చూసినవాళ్ళకి తెలుసు. అదే కూర్మన్నపాలెంలో చూడండి. 2021 జనవరిలో స్టీల్ ప్లాంటు అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక అక్కడ దీక్షా శిబిరం వెలిసింది. వెయ్యి రోజులు దాటినా నడిచింది. 1966లో ముప్ఫై రెండు మంది ప్రాణాలు పోయి, 1971లో శంకుస్థాపన జరిగిన ప్లాంటు అది. దాన్ని కాపాడుకోడానికి ఊరికి దొరికిన సభాస్థలం రోడ్డు పక్కన ఒక టెంటు. మావయ్య చాలాసార్లు వెళ్ళాడు. "ఏం చేసేవాడివి మావయ్యా అక్కడ?" అంటే, "ఏటి చేస్తాం. కూకునేవోణ్ణి" అన్నాడు. నాలుగు రోజుల్లో ఆయన కూర్చోవడం అనే మాటని అంత గట్టిగా అనడం అదొక్కసారే.

బ్రెజిల్లోని సావోపాలోలో లీనా బో బార్డీ అనే ఆర్కిటెక్టు ఒక కళా మ్యూజియం కట్టింది, 1968లో తెరిచారు. మొత్తం మ్యూజియాన్ని కాళ్ళ మీద పైకి ఎత్తేసి, కింద 74 మీటర్ల పొడుగునా ఒక్క స్తంభం కూడా లేకుండా ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీకి పేరుంది, పని లేదు. సంతలు పెడతారు, పాటలు పాడతారు, ఆ నగరంలో పెద్ద ఊరేగింపు ఏదైనా అక్కడ ఆగుతుంది. ఎండా వానా పడవు. పై భవనమే కింది వాళ్ళకి గొడుగు. నాకు ఆ బొమ్మ చూసినప్పుడల్లా ఊళ్ళో రావిచెట్టూ దాని కింద రచ్చబండా గుర్తొస్తాయి. రచ్చ అంటే ఒకప్పుడు నలుగురూ కూడే చోటు. ఇప్పుడా మాటకి గొడవ అన్న అర్థమే మిగిలింది. జనం కూడటాన్ని గొడవ కింద జమ కట్టే అలవాటు భాషలోకి కూడా దిగింది కాబోలు. హైదరాబాదులో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ని 2017లో మూసేసినప్పుడు చెప్పిన కారణాల్లో ట్రాఫిక్ ఒకటి.

రేపు ఈ ఊళ్ళో ఏ ప్రభుత్వ భవనానికి టెండరు పిలిచినా, ముందు ఆర్కిటెక్టుని ఒక వారం గాంధీ విగ్రహం దగ్గర కూర్చోబెట్టమంటాను. మేలో, పదింటి నుంచి నాలుగింటి దాకా. ఆ భవనం కింది అంతస్తు వీధికి తెరిచి ఉండాలి. దాని చూరు ఫుట్‌పాత్ మీదికి రావాలి, కింద మోకాలి ఎత్తు గట్టు, తాగునీళ్ళు, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూమ్, తిండిబండికి చట్టబద్ధమైన జాగా ఉండాలి. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచే ఉంది, కొత్తగా రాసుకోవాల్సిన పని లేదు. వీటికి పదేళ్ళ నిర్వహణ ఖర్చు ఎక్కడ నుంచి వస్తుందో డ్రాయింగుతో పాటే రాసివ్వాలి. ఇందులో ఏదీ గొప్ప ఊహ కాదని తెలుసు. ఇసుక పోసే డ్రెడ్జరూ గొప్ప ఊహ కాదు.

ఆఖరి రోజు మావయ్యా నేనూ ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి గాంధీ విగ్రహం వైపు నడిచాం. దారిలో ఒక షాపు మెట్టు మీద ఒక కూకుడు, బస్టాపులో ఇంకోటి. బస్టాపు గొట్టపు సీటు ఏటవాలుగా ఉంది, జారిపోతుంటే లేచాడు. అక్కడికి చేరేసరికి ఎవరో కాంట్రాక్టు కార్మికులు షామియానా వేసుకుని ఉన్నారు. మావయ్య నడక చూసి ఒకావిడ లేచి తన ప్లాస్టిక్ కుర్చీ ఇటు జరిపింది. ఆయన మొహమాటపడి, కూర్చుని, మోకాళ్ళు రెండూ రుద్దుకుని, "ఎన్నాళ్ళయ్యిందమ్మా జీతాల్రాక?" అని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలెట్టింది. నేను వెనక నేల మీద కూర్చున్నాను. నీడలోనే.